మాట్లాడగలిగినప్పుడే వెళ్ళండి

 

నేను మానసిక వైద్యురాలిని. స్నాతకోత్సవ వేదిక మీద నుంచి పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక్క సంగతి అడగడానికి వచ్చాను. మనసు బాగోలేనప్పుడు త్వరగా కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. కష్టం పెద్దదయ్యేదాకా ఆగకండి.

ఇంకో ఆరు నెలల్లో మీలో కొందరు గచ్చిబౌలిలోనో బెంగళూరులోనో పీజీ గదుల్లో ఉంటారు. కొందరు గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో ఉంటారు. కొందరు ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్తారు. హాస్టల్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచి కూర్చునే స్నేహితుడు అక్కడ ఉండడు. జాయినింగ్ డేట్ వెనక్కి జరుగుతుంది. ఇంట్లో వాళ్ళు లోన్ కిస్తీ గురించి అడగరు, కానీ అడగకపోవడం కూడా మీకు వినబడుతుంది. నిద్ర రెండింటికి పడుతుంది, అయిదింటికి మెలకువ వస్తుంది. ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం తలచుకుంటే కడుపులో తిప్పుతుంది. వీటిలో ఏదీ వార్త కాదు. ఎవరికైనా చెబితే ‘లైట్ తీస్కో’ అంటారు. మీకు మీరూ అదే చెప్పుకుంటారు.

మా దగ్గరికి వచ్చే యువతలో చాలామంది వచ్చే దారి ఇది. ముందు గుండె దడ అని ఈసీజీ తీయించుకుంటారు. అది బాగుందంటే గ్యాస్ అనుకుని మాత్రలు వాడతారు. తర్వాత థైరాయిడ్, ఆ తర్వాత విటమిన్లు. ఇంటికి వెళ్తే నాయనమ్మ దిష్టి తీస్తుంది. ఆ దిష్టిని నేను తేలిక చేయను, ఆ చేతిలో ప్రేమ ఉంది. కానీ ఈ లోపల నెలలు గడిచిపోతాయి. మా గదిలోకి వచ్చేసరికి చదువో ఉద్యోగమో ఒక బంధమో చేజారే స్థితిలో ఉంటుంది.

నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో డిప్రెషన్‌తో బాధపడుతున్న వందమందిలో దాదాపు 85 మందికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. ఆ 12లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. కానీ మా ఓపీలో ఒక్క రోజు కూర్చుంటే ఇక్కడి సంగతీ అర్థమవుతుంది.

ఆలస్యం ఎందుకు ప్రమాదమో చెబుతాను. సాయం వెతుక్కోవడానికి కొంత శక్తి కావాలి. ఎవరు మంచి కౌన్సెలరో కనుక్కోవాలి, ఫోన్ చేయాలి, స్నానం చేసి బయల్దేరాలి, ముక్కూమొహం తెలియని మనిషి ముందు నోరు తెరవాలి, నచ్చకపోతే ఇంకొకరిని వెతకాలి. డిప్రెషన్ మొదట తినేసేది సరిగ్గా ఆ శక్తినే. పూర్తిగా కుంగిపోయాక మీ తరఫున ఇంకెవరో నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుంది. మొదటి దశలోనే వెళ్తే మీ కథ మీరే చెప్పగలరు. మీకు ఎవరు కావాలో మీరే ఎంచుకోగలరు.

ఎప్పుడు వెళ్ళాలి? పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి మేం వాడతాం. నిద్ర, ఆకలి, అలసట, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నేను పనికిరాననే భావం, ఇలాంటివి గత రెండు వారాలుగా ఎలా ఉన్నాయని అది అడుగుతుంది. మీరూ ఆ రెండు వారాలే గుర్తు పెట్టుకోండి. రెండు వారాలుగా చాలా రోజులు అలాగే ఉంటే ఇక కారణం సరిపోతుందా లేదా అని తూకం వేయకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు.

కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుందో తెలియక చాలామంది భయపడతారు. మొదటి సిట్టింగ్ సాధారణంగా ముప్పావుగంటకు అటూ ఇటూ ఉంటుంది. నిద్ర, తిండి, ఇల్లు, పని, మందు, సిగరెట్ల గురించి అడుగుతారు. చావు ఆలోచనల గురించి కూడా అడుగుతారు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఎవరూ మిమ్మల్ని మంచం మీద పడుకోబెట్టరు, చిన్నతనమంతా తవ్వరు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు, చాలామందికి ఆ అవసరమే రాదు.

గోవాలో సంగత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్ బృందం చేసిన ఒక ప్రయత్నం నాకు చాలా ఇష్టం. వైద్యమో సైకాలజీయో చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపారు. డిప్రెషన్ బాగా ముదిరినవాళ్ళతో వాళ్ళు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. చేసింది ఇదీ: మనసు కుంగినప్పుడు మనిషి పనులు మానేస్తాడు, మానేసిన కొద్దీ సంతోషమిచ్చేవి తగ్గుతాయి, దాంతో ఇంకా కుంగుతాడు. ఈ చక్రాన్ని మనిషికి చూపించి, రోజు ఎలా గడుస్తోందో రాయించి, మానేసిన పనుల్లో ఒక చిన్నదాన్ని ఫలానా రోజు ఫలానా వేళకు మళ్ళీ మొదలుపెట్టించారు. వారం తర్వాత జరిగిందా, ఏది అడ్డొచ్చిందని కూర్చుని మాట్లాడారు. 2017లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు ఆ సాయం పొందినవాళ్ళలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో ఆ సంఖ్య 39. అంత ముదిరినవాళ్ళకే అది పనిచేసిందంటే, నిద్ర చెడిన మొదటి నెలలోనే వచ్చే మీతో ఎంత పని చేయవచ్చో ఆలోచించండి.

మరి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? కౌన్సెలర్ అని బోర్డు పెట్టిన ప్రతివాళ్ళూ శిక్షణ పొందినవాళ్ళు కారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడికి వెళ్ళడానికీ బిడియమైతే టెలిమానస్ ఫోన్ సేవ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, నంబరు 14416, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికా వెళ్ళేవాళ్ళకు అక్కడి యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ కేంద్రాలుంటాయి, అత్యవసరానికి 988 ఉంది. వెళ్ళిన మొదటి వారంలోనే ఆ కేంద్రం ఎక్కడుందో చూసి రండి.

నలుగురికీ తెలిస్తే ఏమవుతుందన్న భయం మన దగ్గర నిజమైనదే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పెరిగాం. సంబంధాలు చెడతాయని అమ్మలు వణుకుతారు. అందుకే చట్టం తెలుసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. శరీర వ్యాధులకు ఇచ్చినట్టే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలని ఆదేశించింది. దాన్ని అమలు చేయమని ఇక్కడున్న విశ్వవిద్యాలయ పెద్దలను ఈ వేదిక మీదే కోరుతున్నాను.

ఒక హెచ్చరిక కూడా. అన్ని బాధలకూ కౌన్సెలింగ్ మందు కాదు. మేనేజరు వేధిస్తుంటే, కులం పేరుతో అవమానిస్తుంటే, జీతం ఎగ్గొడుతుంటే సరిచేయాల్సింది మీ మనసును కాదు. అక్కడ ఫిర్యాదు కావాలి, చట్టం కావాలి, తోటివాళ్ళ తోడు కావాలి. మంచి కౌన్సెలర్ ఆ మాట మీకు ముందే చెబుతారు, పోరాడే ఓపిక నిలబడేలా సాయపడతారు.

చివరిగా తల్లిదండ్రులకు. ఏదో ఒక రాత్రి మీ అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి, ‘అమ్మా, ఈ మధ్య ఎందుకో నిద్ర పట్టడం లేదు’ అంటారు. ‘నీకేం తక్కువైంది’ అనకండి. మా రోజుల్లో మేం ఎన్ని పడ్డామో అని మొదలుపెట్టకండి. ఎన్నాళ్ళుగా అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. ఆ తర్వాత ఎవరికైనా చూపించుకుందాం, నేను తోడు రానా అని అడగండి. ఒంటరిగానే వెళ్తానంటే వెళ్ళనివ్వండి. లోపల ఏం మాట్లాడావని మాత్రం అడగకండి.