డాక్టరు పక్కన నిలబడే చదువు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మెడిసిన్ సీటు రాని పిల్ల ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా ఇల్లూ అలాగే ఉండేది. మా అమ్మాయి బై.పి.సి. చదివి, నీట్ పరీక్ష రెండుసార్లు రాసింది. ర్యాంకు చాల్లేదు. మూడోసారి రాయనంది. "అమ్మా, నేను ఎం.ఎల్.టి. డిప్లొమాలో చేరతాను" అంది. అంటే ల్యాబ్ టెక్నీషియన్ చదువన్నమాట. రెండేళ్లు.

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. చేరిన తర్వాత కూడా చుట్టాలెవరైనా అడిగితే "ఏదో మెడికల్ కోర్సులెండి" అని మాట దాటేసేదాన్ని. నెత్తురు తీయడం నేర్చుకోవడానికి రెండేళ్ల కాలేజీ ఎందుకని లోపల్లోపల అనుకునేదాన్ని కూడా. అలా అనుకోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది. అది మీతో చెప్పుకుందామనే ఇవాళ వచ్చాను.

ఆ చదువులో ఏముంటుందో ముందు చెబుతాను. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, పాథాలజీ, బ్లడ్ బ్యాంకు పని. పేర్లు డాక్టర్లు చదివేవే. లోతు అంత ఉండదు గానీ, చేతిపని మాత్రం ఎక్కువ. ఆసుపత్రి ల్యాబులో నిలబడి నేర్చుకోవాలి.

ఒకరోజు నేను బెండకాయలు తరుగుతూంటే మా అమ్మాయి పక్కన కూచుని రంగులు వల్లె వేస్తోంది. నీలం, ఎరుపు, ఊదా, బూడిద. "ఏమిటే, చీరల కొట్టు పెడతావా?" అన్నాను. నవ్వి, అవి నెత్తురు పట్టే గొట్టాల మూతల రంగులని చెప్పింది. నెత్తురులోని కణాలు బయటికి వచ్చాక కూడా చక్కెర తింటూనే ఉంటాయిట. మామూలు గొట్టంలో పోసి గంటల తరబడి ఉంచితే షుగరు ఉన్నదానికంటె తక్కువ కనిపిస్తుంది. ఆ తినడాన్ని ఆపే మందు బూడిదరంగు మూత గొట్టంలో ఉంటుంది. ఊదారంగు గొట్టంలో నెత్తురు గడ్డకట్టకుండా వేసే మందులో పొటాషియం ఉంటుంది. ఆ నెత్తురు కొంచెం ఎర్రమూత గొట్టంలో కలిసిందంటే చాలు, రోగికి పొటాషియం ప్రమాదకరంగా పెరిగినట్టు రిపోర్టు వస్తుంది. అందుకే ఏ గొట్టం ముందు నింపాలి, ఏది తర్వాత అన్నదానికి ఒక వరస ఉంది. మనం పోపులో ఏది ముందో ఏది వెనకో చూసుకోమూ, అలాగే. కాకపోతే మన పోపు మాడితే పప్పు పాడవుతుంది, అక్కడ వరస తప్పితే వైద్యమే పాడవుతుంది.

అయినా నాకు పూర్తిగా కళ్లు తెరిపించినది మా అత్తగారి విషయం.

మా అత్తగారి పేరు సీతామహాలక్ష్మి. డెబ్బై ఆరేళ్లు. చెవులు సరిగా వినిపించవు. నీరసంగా ఉందంటే డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. పరగడుపున ఒక ల్యాబుకి తీసుకువెళ్లాం. సాయంత్రం రిపోర్టు వచ్చింది. షుగరు 284! అంతకుముందు ఆవిడకి ఆ జబ్బే లేదు. ఇంట్లో గగ్గోలు. రాత్రి అన్నం మాన్పించి గోధుమరవ్వ ఉప్మా పెట్టాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి రిపోర్టు చూసి ఒకే ప్రశ్న వేసింది. "అక్కడ నాన్నమ్మని ఏమని అడిగారమ్మా?" ఏముంది, ఆ అబ్బాయి తలుపు దగ్గర నిలబడి "సీతమ్మగారేనా?" అన్నాడు. ఆవిడ అలవాటుగా తలూపారు. గొట్టం మీద పేరు అప్పటికే అంటించి ఉంది. "అలా అడగకూడదని మాకు మొదటి నెలలోనే చెప్పారమ్మా. 'మీ పేరేమిటి, మీ వయసెంత' అని అడగాలి, పేరు వాళ్ల నోటే చెప్పించాలి. నెత్తురు తీశాక వాళ్ల ఎదుటే గొట్టానికి పేరు అంటించాలి" అంది.

మర్నాడు మళ్లీ పరీక్ష చేయించాం. షుగరు 96. మాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అత్తగారికి కాఫీలో పంచదార వేసి ఇచ్చాను. మా అమ్మాయి మాత్రం కూర్చోలేదు. "అమ్మా, 284 ఎవరిదో ఒకరిదేగా! ఆవిడకి నాన్నమ్మ రిపోర్టు ఇచ్చి, ఏమీ లేదు హాయిగా ఉండండని పంపేసి ఉంటారు" అంది. నాకు ఆ ఊహే రాలేదు సుమండీ. మా గండం గడిచిందని సంతోషించాను గానీ, ఇంకో ఇంట్లో ఇంకో సీతమ్మగారు ఉంటారని అనుకోలేదు. మా అమ్మాయి అప్పటికప్పుడు ల్యాబుకి వెళ్లి, వాళ్ల పుస్తకం తీయించి, ఆవిడకి కబురు పంపిందాకా ఇంటికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పిల్ల గురించా నేను నలుగురిలో మాట దాటేస్తున్నది!

ఇక పిల్లల్ని ఈ చదువుల్లో చేర్పించాలనుకునే తల్లులకి నాలుగు మాటలు. గోడల మీద ఆరు నెలల్లో మెడికల్ అసిస్టెంట్ అనే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి డిప్లొమాకి కనీసం 2000 గంటల చదువు, రెండేళ్లకి తగ్గని కాలం ఉండాలి. ప్రభుత్వ గుర్తింపు ఉందా, ప్రాక్టికల్సు ఏ ఆసుపత్రిలో చేయిస్తారు అని అడగండి. వీలైతే మీరే వెళ్లి చూసి రండి.

ఆసుపత్రిలో అడుగుపెట్టేముందే పిల్లకి హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. వాడిన సూది పొరపాటున చేతికి గుచ్చుకుంటే, తిడతారేమోనని ఆడపిల్లలు దాచిపెడతారు. దాచవద్దని ముందే చెప్పి ఉంచండి. సబ్బుతో కడుక్కుని వెంటనే పైవాళ్లకి చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా వేసే మందు అవసరమైతే కొద్ది గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. మనం ఇంట్లో గాజుగ్లాసు పగలగొట్టినప్పుడు తిట్టని తల్లులమైతే, పిల్లలు ఇలాంటివీ దాచరు.

ఈసారి మీరు రక్తపరీక్షకి వెళ్లినప్పుడు ఎవరైనా "ఫలానావారేనా?" అంటే తలూపకండి. మీ పేరు, ఇంటిపేరు మీరే చెప్పండి. గొట్టం మీద ఏం రాశారో చూడండి. "మీ పేరేమిటండీ?" అని ముందే అడిగే అమ్మాయి కనిపిస్తే, ఆ పిల్ల శ్రద్ధగా చదువుకుందని గుర్తు.

మొన్న పెళ్లిలో మా పెద్దాడపడుచు "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని మళ్లీ అడిగింది. "ల్యాబ్ టెక్నీషియన్" అని నలుగురూ వినేలా చెప్పాను.