అంతర్జాలమును మన విశ్వాసధర్మమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 నేను యంత్రవిద్య నెఱిగినవాడను గాను. నా మనుమలు మాదాపురమునను గచ్చిబౌలియందును గణకయంత్రముల యెదుట కూర్చుండి జీవించువారు. వారియొద్ద చరవాణి వాడుట నేర్చుకొన్న ముదుసలి శిష్యుడను. ఐనను ఈ విషయమున నేను చేసిన యొక తప్పును మీ యెదుట చెప్పుకొనవలెనని యీ భారమును శిరసావహించితిని.

మన పూర్వులకు ఈ విశ్వాసము కాలినడకను వచ్చినది. 18వ శతాబ్దమున యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేర రాయలసీమ గ్రామములందు సంచరించి, తెలుగు నేర్చి, తెలుగుననే బోధించిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' రచించి క్రీస్తు కథను తెలుగు పద్యమునకు తెచ్చెను. ఆ కాలముననే కతోలిక రెడ్డి కుటుంబములు కొన్ని గుంటూరు మండలమునకు తరలివచ్చి ఫిరంగిపురాది గ్రామములందు నెలకొన్నవి. పొలమును వదలిరి, ఊరిని వదలిరి. జపమాలను మాత్రము వదలలేదు.

నూతన సాధనములను చూచి శ్రీసభ వెఱచినది కాదు. 1931 ఫిబ్రవరి 12వ తేదీన 11వ భక్తినాథ పోపుగారు మార్కోని నిర్మించిన వాటికను రేడియోను ప్రారంభించిరి. 1963లో ద్వితీయ వాటికను మహాసభ సమాచార సాధనములగూర్చి ప్రత్యేకశాసనము వెలువరించెను. 1967 మొదలు ప్రతివత్సరము ప్రపంచ సమాచార సాధన దినము జరుపబడుచున్నది. 2012 డిసెంబరు 12న 16వ బెనెడిక్టు పోపుగారు ట్విట్టరునందు తొలి సందేశము పంపిరి. మనీలా నగరమున 1969లో వెలసిన రేడియో వెరిటాస్ ఆసియా 2018లో లఘుతరంగ ప్రసారములు విరమించి అంతర్జాలమునకు మారినది. అందు తెలుగు విభాగమును కలదు. సికిందరాబాదునందలి అమృతవాణి మన తెలుగువారి కొఱకే పనిచేయుచున్నది. ఇటలీ బాలుడు కార్లో అకూటిసు సత్ప్రసాద మహిమలను సేకరించి అంతర్జాలమున నుంచి, 15 ఏండ్ల ప్రాయమున 2006లో కన్నుమూసెను. 2025 సెప్టెంబరు 7న లియో పోపుగారు అతనిని పునీతునిగా ప్రకటించిరి.

ఇక మన నగరము మాట. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాడు చుట్టును రాతిగుట్టలే. నేడా గుట్టల నడుమ అద్దాల మేడలు. మన పల్లెల బిడ్డలు ఆ మేడలలో రాత్రులు మేలుకొని అమెరికావారి పగటిపని చేయుచున్నారు. ఆదివారము ఉదయమున గుడిగంట మ్రోగువేళకు వారు గదికి చేరి కన్ను మూయుదురు. గన్‌ఫౌండ్రీలోని ప్రధానదేవాలయము గాని, సికిందరాబాదు మరియమాత దేవాలయము గాని వారికి దూరము. పల్లెలో తల్లి లేపి గుడికి పంపెడిది, ఇచట లేపువారెవరు? అట్టివాని దిండుప్రక్క నుండునది చరవాణి యొక్కటియే.

2020 మార్చి 25 నుండి దేశమెల్ల మూతపడినపుడు దీని విలువ మనకు తెలిసినది. మార్చి 27 సాయంత్రమున ఫ్రాన్సిసు పోపుగారు వానలో నిర్జనమైన పునీత పేతురు ప్రాంగణమున ప్రార్థించుటను లోకమంతయు చూచెను. మన యిండ్లలో ముదుసళ్లు చరవాణి ముందు క్రొవ్వొత్తి వెలిగించి మోకరిల్లిరి. ఐనను ఒకటి మఱువరాదు. అంతర్జాలమున దేవద్రవ్యానుమానములు లేవని 2002లోనే శ్రీసభ స్పష్టముగా చెప్పినది. తెఱమీది బలిపూజ రోగికి ఊఱట. ఆరోగ్యవంతునికి అది గుడికి పోవు త్రోవ కావలెను.

ఇపుడు నా తప్పు చెప్పెదను. మన కులమువారి వాట్సాపు గుంపునకు నేనొక నిర్వాహకుడను. అందు పెండ్లిసంబంధములు, మరణవార్తలు, అనుదిన సువిశేషము, తపస్సుకాలమున శ్రమల పాటలు వచ్చుచుండును. కొంతకాలము క్రిందట ఒక యువకుడు, గచ్చిబౌలిలో రాత్రి కొలువు చేయువాడు, స్నేహితుని వలన అందు చేరెను. 'పాపసంకీర్తనము చేయగోరుచున్నాను, పనిదినములలో గురువులు దొరకు విచారణ ఏది?' అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. 'ఈ అబ్బాయి ఎవరివాడు?' అని మాత్రము నలుగురు నన్నడిగిరి. మనవాడు కాడని తేలినది. నేను వానిని తొలగించితిని. ఒక్క వ్రేలు కదల్చితిని, అంతియే.

2022 ఆగస్టు 27న మన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంతోనిగారు కార్డినలు పదవి నందినపుడు, తెలుగువారిలో మొదటివారనియు, దళితులలో మొదటివారనియు, మనము ఆ గుంపుననే వారి చిత్రములను సగర్వముగ పంచుకొంటిమి. ఆ గుంపుననే ఒక బాలుడు గురువును వెదకుచు వచ్చి వెలిపడెను! ఈ రెండును ఒక్క చేతితోనే చేసితినే యని నాకు నిద్ర పట్టలేదు. వాని సంఖ్య వెదకి పిలిచి క్షమింపుమంటిని. 'పరవాలేదండి. ఆ శ్రమల పాటలు మా అమ్మకు వినిపించుచుంటిని. అవి ఆగినందుకే బాధ' అనెను.

కులసంఘము కులమువారి మేలు చూచుట తప్పు కాదు. పేద విద్యార్థికి వేతనము, వితంతువునకు సాయము, సంబంధముల కలయిక మన పనులే. విశ్వాసము మాత్రము మన ఆస్తి కాదు. దానిని మనకు తెచ్చినవారు మన కులమువారు కారు. నాడు వారు కులమడిగి బోధించియుండిన, నేడు మనమెచట నుందుము?

కావున ఈ మహాసభకు నాలుగు మనవులు. మొదటిది, సంబంధముల గుంపును సువిశేషపు గుంపును వేఱుచేసి, రెండవదానిని కతోలికులకెల్ల, తెలియగోరు వారికెల్ల తెఱచి యుంచవలెను. రెండవది, నగరమందలి విచారణలలో బలిపూజ, పాపసంకీర్తన వేళలను విచారణ గురువులను అడిగి సరిచూచి అందుంచవలెను. మూడవది, మూలమెఱుగని అద్భుతవార్తలను, అన్యమతములను నిందించు మాటలను ఎవరును పంపరాదు. ఒకరి రోగమును, కుటుంబకలహమును ప్రార్థన పేర బయటపెట్టరాదు. నాల్గవది, మన ముదుసళ్లకు కంఠస్థములైన పాత పాటలను వారి గొంతుతోనే ముద్రించి భద్రపఱుపవలెను. ఈ పనులకు పెద్ద ధనమక్కఱలేదు. ఓపిక గల యువకులు పదుగురు చాలుదురు.

యువకులారా! యంత్రము మీకు తెలిసినది. పాట మాకు తెలిసినది. ఒకరి చేయి ఒకరము పట్టుకొందము. ఆ బాలుని క్రొత్త గుంపున తొలిసభ్యునిగా చేర్చుటకు మీ యనుమతి వేడుచున్నాను. సర్వేశ్వరుడు మన సంఘమునకు విశాలహృదయము ననుగ్రహించుగాక!