సమ్మతి పత్రము ఎవరు చదువవలెను?
(స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఆసుపత్రివారు తమ ఎథిక్స్ కమిటీలోనికి మనలో ఒకరిని పంపుడని కోరి ఆరు నెలలైనది. మనుష్యుల మీద క్రొత్త మందులు, టీకాలు పరీక్షించుటకు ముందు, అది న్యాయముగా జరుగునా అని చూచు కమిటీ అది. "డాక్టర్లు వ్రాసిన దానికి మనమేమి చెప్పగలము?" అని అందరము వెనుకకు తగ్గినాము. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను, పరిశీలన నిమిత్తము, సుమారు 14,000 మంది బాలికలకు వేసినారు. వారిలో భద్రాచలము ప్రాంతపు గిరిజన హాస్టళ్ల పిల్లలెందరో ఉన్నారు. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము ఆగిపోయినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, మన ఆడపిల్లలకు వేయించవలసినదే. తప్పు మరియొక చోట జరిగినది. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘపు నివేదిక ప్రకారము, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రములలో 2,763 మీద సంతకము వార్డెన్లది, 1,948 మీద వేలిముద్రలు.

వార్డెను చెడ్డవాడని మేమనము. పిల్లల భోజనపు లెక్కకు, చదువు కాగితమునకు సంతకము చేసిన చేయే దీనికిని చేసియుండును. ఆ ఊరి తల్లి ఒకతె ముందుగానే సలహాకు కూర్చొనియుంటే, "సెలవులకు పిల్ల ఇంటికి వచ్చును గదా, అప్పుడు అడుగుడు" అనియుండెడిది. ఈ మాటకు వైద్య శాస్త్రము అక్కరలేదు.

2019 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారము కమిటీలో కనీసము ఏడుగురుండవలెను. అందులో ఒకరు సామాన్య వ్యక్తి, ఒకరు స్త్రీ. సగము మందియైనను ఆ ఆసుపత్రికి చెందనివారై యుండవలెను. మన నర్సమ్మగారిని పంపుదమని కొందరన్నారు. ఆమె రిటైరై రెండేండ్లే అయినది. సామాన్య వ్యక్తి గడచిన అయిదేండ్లలో వైద్య వృత్తిలో ఉండరాదని 2017 నాటి ఐ.సి.ఎం.ఆర్. మార్గదర్శకములు చెప్పుచున్నవి. పాస్టరుగారిని పంపుటకు అడ్డు లేదు గాని, ఆయన ఎదుట మనవారు "అర్థము కాలేదు" అని చెప్పుటకు జంకుదురు. (ఆయన నవ్వుచున్నారు, కాని నిజమే.)

గత నెల ఒక సమ్మతి పత్రపు తెలుగు ప్రతిని మాకు చూపినారు. "యాదృచ్ఛిక కేటాయింపు" అని ఉన్నది. మాలో బి.ఏ. చదివినామెకే అర్థము కాలేదు. అడుగగా, ఎవరికి ఏ మందో చీటీ వేసినట్లు నిర్ణయింతురట. అట్లే వ్రాయుడన్నాము. "5 మిల్లీలీటర్ల రక్తము" అన్నచోట, టీ చెమ్చాడు అని చేర్చుమన్నాము. చీటీలో మందు లేని మాత్ర వచ్చినవారికి ఆ సంగతి ఎప్పుడు చెప్పుదురని ఒక పెద్దమ్మ అడిగినది. పత్రములో దానికి జవాబు లేదు. పరీక్షకు వచ్చిన దినమున కూలి పోవును గదా, బస్సు ఛార్జీ ఎవరిత్తురని మరియొకామె అడిగినది. డాక్టరుగారు కోపపడలేదు. కాగితము తీసి వ్రాసికొన్నారు.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత పేరు నిర్ణయింతము. తెలుగు చదువ వచ్చిన వారెవరైనను చాలును. కూలి చేసికొను ఇండ్లనుండి ఒకరు వచ్చిన మరీ మంచిది. మీటింగు దినమున వారి కూలి నష్టపోకుండ ఏమి చేయవలెనో కూడ అప్పుడే మాట్లాడుకొందము.