చైనాలో మొదటి నెల
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విదేశాలంటే ఎన్నో ఉన్నాయి. మేము ఒక దేశం, అందులో ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక కుర్రవాడి మొదటి నెల, ఇంతవరకే మాట్లాడతాం. మేము అంటే మా ఉన్నత పాఠశాలలో అతనికి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువు చెప్పిన ఉపాధ్యాయులం. 2023 సెప్టెంబరులో అతను వైద్యవిద్యకు చైనాలోని షియాన్ నగరానికి వెళ్లాడు. నీట్ రాశాడు, అర్హత వచ్చింది, కానీ ఇక్కడ ప్రభుత్వ సీటుకు ర్యాంకు చాలలేదు. ప్రైవేటు సీటుకు డబ్బు చాలలేదు. తండ్రి మిర్చియార్డులో కాటా గుమస్తా. తల్లి గాజులు బ్యాంకులో పెట్టారు. అదీ చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు చేశారు. ఈ హాల్లో సగం మందికి ఈ కథ వేరే చెప్పనక్కరలేదు.

అతను మొదటి నెలంతా మాకు మెయిళ్లు రాశాడు. స్టాఫ్ రూములో అందరం చదివాం. మీకు చెప్పడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

హైదరాబాదు నుంచి కౌలాలంపూర్ మీదుగా షియాన్‌లో దిగేసరికి అర్ధరాత్రి అయింది. హాస్టల్ గేటు మూసేశారు. తెలుగు సీనియర్ ఒకతను ఊళ్లోని తన అద్దె గదికి తీసుకువెళ్లాడు. తెల్లవారగానే లేపి, "పద, పోలీస్ స్టేషనుకు వెళ్లాలి" అన్నాడట. ఈ సంగతి ఫోనులో విన్న తండ్రి గుండె పట్టుకున్నారు. మన దగ్గర పోలీస్ స్టేషన్ అంటే అంతే కదా. అక్కడ సంగతి వేరు. విదేశీయుడు హోటల్లో దిగితే హోటలువాళ్లే నమోదు చేస్తారు. ఇంకెక్కడ పడుకున్నా, 24 గంటల్లోగా ఆ ఇంటి పరిధిలోని పోలీస్ స్టేషనులో తనుగానీ, ఉంచుకున్నవారుగానీ నమోదు చేయించాలి. 2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ల రాకపోకల చట్టంలో 39వ అధికరణం ఇది. తప్పితే హెచ్చరిక, 2 వేల యువాన్ల దాకా జరిమానా. పాస్‌పోర్టు చూపితే చిన్న చీటీ ఇస్తారు. తరువాత నివాస అనుమతికి వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ చీటీనే. సీనియర్ బుద్ధిమంతుడు కనుక సరిపోయింది. సీటు ఇప్పించిన ఏజెంటు లక్షలు తీసుకుని ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

రెండో గడువు ముప్పై రోజులు. విద్యార్థి వీసా మీద దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. దానికి ముందు అక్కడి ఆసుపత్రిలో రక్తపరీక్ష, ఎక్స్‌రే వగైరా అవ్వాలి. ఇక్కడ చేయించిన పరీక్షల అసలు కాగితాలు తీసుకువెళితే కొన్ని మళ్లీ చేయించనక్కరలేకపోవచ్చు. జిరాక్సులు చెల్లవు. మా వాడికి బీమాకు 800, అనుమతికి 400, హాస్టల్ డిపాజిట్టు, పరుపు, రజాయి, చలికోటు అన్నీ కలిపి మొదటి నెలలోనే ఫీజు కాక మూడు వేల యువాన్లు అయ్యాయి. అప్పట్లో యువాను దాదాపు 12 రూపాయలు. అంటే ఎవరూ లెక్కలో వేయని 36 వేలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక ఫోను సంగతి. అతను వెళ్లిన మూడో రోజున వాళ్లమ్మ బడికి వచ్చింది. "మాస్టారూ, రెండు రోజులుగా వాట్సాప్‌లో ఒక్క గీతే పడుతోంది. పిల్లవాడు ఉన్నాడా?" అని అడిగింది. ఆ "ఉన్నాడా" అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పిల్లవాడు నిక్షేపంలా ఉన్నాడు. చైనాలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ తెరుచుకోవు. అక్కడ అందరూ వాడేది విచాట్. దాన్ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో మరికొన్ని చైనా యాప్‌లతో పాటు నిషేధించింది. అటు వాళ్ల గోడ, ఇటు మన గోడ, మధ్యలో ఒక తల్లి. మరి ఏం చేయాలి? మన సిమ్‌కే అంతర్జాతీయ రోమింగ్ ప్యాకేజీ ముందే వేయించి పంపండి. రోమింగ్ మీద మన యాప్‌లు అక్కడా పనిచేస్తాయి. బ్యాంకు ఓటీపీలకూ అదే సిమ్ కావాలి. జీమెయిల్ కాకుండా అక్కడ తెరుచుకునే మెయిల్ ఒకటి, ఔట్‌లుక్ లాంటిది, ఇక్కడే తెరిపించండి. విచాట్ ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్నవారు ఒకరు ధ్రువపరచమని అడుగుతుంది. కాబట్టి ఒక సీనియర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఈ విచాట్ లేకపోతే అక్కడ కూరగాయలు కొనడం కూడా కష్టమే. బండివాడి దగ్గర్నుంచి బస్సు దాకా అంతా క్యూఆర్ కోడే. మనకు ఫోన్‌పే అలవాటే కనుక ఆ ఒక్కటీ పిల్లలకు వింతగా ఉండదు.

తిండి గురించి అందరికంటే ఎక్కువ అడిగేది మన ఇళ్లలోని పెద్దవాళ్లు. "హలాల్ దొరుకుతుందా?" దొరుకుతుంది. షియాన్‌లో హుయ్ ముస్లింలు తరతరాలుగా ఉన్నారు. ఊరి నడిబొడ్డున వాళ్ల వీధులే ఉన్నాయి. దుకాణం మీద చింగ్‌చెన్ అనే రెండు అక్షరాలు ఉంటాయి. వాటిని వెళ్లేముందే బొమ్మలా గుర్తుపట్టడం నేర్పండి. చాలా విశ్వవిద్యాలయాల్లో చింగ్‌చెన్ క్యాంటీన్ విడిగా ఉంటుంది. ఏ ఊళ్లోనైనా లాన్‌జౌ పశుమాంసపు నూడుల్స్ అంగళ్లు ఉంటాయి, వాటిని నడిపేవారు ఎక్కువగా వాయువ్య రాష్ట్రాల ముస్లింలే. జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. చైనా భాషలో ఏ జంతువుదో చెప్పకుండా ఉత్త మాంసం అని రాస్తే అది పంది మాంసమే. ఆకుకూరలోనూ పంది కొవ్వు వేసేవారున్నారు. శాకాహారం కదా అని ఏ అంగట్లోనైనా తినేయకూడదు.

షియాన్‌వాళ్లు కారం బాగా తింటారు. వెడల్పాటి నూడుల్స్ మీద ఎర్ర మిరపపొడి పోసి, దాని మీద సలసల కాగే నూనె పోస్తారు. మిర్చియార్డు పిల్లవాడికి ఇంకేం కావాలి! మేకమాంసం పులుసులో రొట్టె వేసుకునే పావ్‌మో కూడా ఉంది. ఆ రొట్టెను తినేవాడే గోరంత ముక్కలుగా తుంచుకోవాలి. మనవాడు పెద్ద ముక్కలు తుంచితే అంగడి ముసలాయన గిన్నె వెనక్కి ఇచ్చి ఇంకా చిన్నవి చేయమన్నాడట. అన్నట్టు, ఇక్కడి నుంచి మటన్ పచ్చడి కట్టి పంపకండి. మాంసం, పాలపదార్థాలు, విత్తనాలు కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. ఆవకాయ సీసా బతికి బయటపడింది.

ఆ ఊరి పెద్ద మస్జిద్ ఫొటో పంపాడు. గుమ్మటం లేదు. పెంకుల కప్పులు, చెక్క మండపాలు, తోటలు. మినారు కూడా అంతస్తుల మండపమే. మొదటిసారి చూసినవాడు దేవాలయం అనుకుంటాడు. 742లో కట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, ఇప్పుడు కనిపించే కట్టడాల్లో ఎక్కువ భాగం మింగ్ రాజుల కాలం నాటివి. జుమాకు అలాంటి మస్జిద్‌కు వెళ్లవచ్చు. కానీ కళాశాల ఆవరణలో జమాతుగా చేరడం, మతం గురించి ప్రసంగించడం అక్కడి విద్యాశాఖ నిబంధనలకు విరుద్ధం. విద్యార్థి మతాన్ని గౌరవిస్తామంటారు, ప్రార్థనకు స్థలం మాత్రం ఇవ్వరు. ఎవరి గదిలో వాళ్లు చదువుకునే నమాజుకూ, నలుగురిని పోగుచేయడానికీ తేడా ఉందని పిల్లవాడికి ఇక్కడే చెప్పి పంపాలి. వేళల మాట కూడా. దేశమంతటికీ బీజింగ్ టైమే. షియాన్ పడమరగా ఉండటం వల్ల సూర్యుడు గడియారం కంటే ఆలస్యంగా వస్తాడు. చలికాలంలో ఏడున్నర దాటినా సూర్యుడు రాడు.

భాష విషయానికి వస్తే మేము బడిపంతుళ్లం కనుక ఒక పాత సంగతి చెబుతాం. షియాన్ పాత పేరు చాంగాన్. బడి పుస్తకాల్లో మీరు చదువుకున్న హ్యూయాన్‌త్సాంగ్ ఆ ఊరి నుంచే బయలుదేరి మన దేశం వచ్చాడు. మన కృష్ణా ఒడ్డున ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, కొంతకాలం ఉండి చదువుకున్నాడు. 645లో గ్రంథాలతో తిరిగి వెళ్లాడు. వాటిని దాచడానికి 652లో కట్టిన పగోడా మా కుర్రవాడున్న ఊళ్లో ఇంకా నిలబడి ఉంది. అంత దూరం వచ్చినవాడు సంస్కృతం నేర్చుకోకుండా మన గురువుల దగ్గర కూర్చోలేదు. మన పిల్లలేమో "ఇంగ్లిష్ మీడియం కదా సార్, చైనీస్ ఎందుకు" అంటారు. తరగతి గది ఇంగ్లిషులో ఉంటుంది. రోగి ఇంగ్లిషులో మూలగడు. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే, అదే సంస్థలో చేయాలి. కడుపునొప్పి ఎక్కడో అడగలేనివాడు ఆ 12 నెలలు వార్డులో ఏం నేర్చుకుంటాడు? వచ్చాక మళ్లీ ఇక్కడి పరీక్షలో 300కు 150 రావాలి, రాసినవారిలో ఎక్కువమంది తప్పుతున్న పరీక్ష అది. అందుకే మొదటి వారం నుంచే భాష. మా అనే ఒక్క అక్షరాన్ని ఒక స్వరంలో పలికితే అమ్మ, ఇంకో స్వరంలో పలికితే గుర్రం. మొదటి పాఠంలోనే వాళ్లమ్మను గుర్రం చేశానని రాశాడు. ఆమెకు చదివి వినిపిస్తే పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. వెళ్లాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక అసలు విషయం. నాలుగో వారంలో ఒక మెయిల్ వచ్చింది. ఊళ్లో ఒక చిన్నపిల్లల బడికి శని, ఆదివారాలు ఇంగ్లిషు ఆటపాటలు ఆడించేవారు కావాలి. గంటకు 150 యువాన్లు. వారానికి నాలుగు గంటలు. "వెళ్లమంటారా సార్?" అని రాశాడు. లెక్క వేసి చూశాం. నెలకు 28 వేల పైచిలుకు. వాళ్ల నాన్న నెల సంపాదన కంటే ఎక్కువ. వడ్డీ పోనూ మిగులుతుంది.

మేము వద్దని రాశాం. మర్నాడే ఆయన యార్డు నుంచి తిన్నగా, చొక్కా మీద మిరప దుమ్ముతోనే బడికి వచ్చారు. "మాస్టారూ, వాడు దొంగతనం చేస్తానన్నాడా? పిల్లలకు చదువు చెబుతానన్నాడు. మీరు చేసే పనే కదా" అన్నారు. దీనికి మా దగ్గర చప్పున సమాధానం లేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, చట్టం చెప్పాం. 2017 నుంచి అమల్లో ఉన్న అక్కడి విద్యాశాఖ నిబంధనల ప్రకారం విదేశీ విద్యార్థి చదువుకు తోడుగా చిన్న పని చేయవచ్చు. ఉద్యోగం, వ్యాపారం చేయకూడదు. ఆవరణ బయట పనికి ముందు విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి, ఆ తరువాత పోలీసుల దగ్గర నివాస అనుమతి మీద ఎక్కడ, ఎంతకాలం అన్నది రాయించుకోవాలి. అది లేకుండా చేస్తే 5 వేల నుంచి 20 వేల యువాన్ల జరిమానా. తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం. ఆపైన దేశం నుంచి పంపేయవచ్చు, పంపేస్తే ఏడాది నుంచి అయిదేళ్ల దాకా రానివ్వరు. అంటే వైద్యవిద్య అక్కడితో సరి. పని ఇప్పిస్తానన్నవాడు ఈ కాగితాల ఊసే ఎత్తలేదు. పట్టుబడితే పోయేది వాడి చదువు కాదు కదా.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నెలకు వడ్డీయే ఎనిమిది వేలు మాస్టారూ" అన్నారు. అప్పుడు మాకు తెలిసింది, వారం వారం ఫోనులో ఆయన "బాగా చదువుకో నాన్నా" అన్నాక కాస్త ఆగి వడ్డీ సంగతి కూడా చెబుతూ వచ్చారని. పిల్లవాడు అక్కడ పని వెతుక్కున్నది జల్సాకు కాదు.

ఆ అప్పు ఎలా తీరిందో కార్యవర్గంలోని పెద్దలు ఇద్దరికి తెలుసు. వాళ్లు వడ్డీ లేకుండా ఖర్జె హసనాగా సర్దారు, పేర్లు చెప్పవద్దన్నారు. కుర్రవాడు ఆ బడికి వెళ్లలేదు. రెండో ఏడు విశ్వవిద్యాలయం అనుమతితోనే, కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థులకు కాగితాల పనిలో సాయం చేసే చిన్న పని దొరికింది. వచ్చేది తక్కువే. అర్ధరాత్రి దిగినవాళ్లను మర్నాడు పోలీస్ స్టేషనుకు తీసుకువెళ్లేది ఇప్పుడు వాడే.

అందుకని సంఘానికి మా విన్నపం. ఇప్పుడు ఇచ్చే సాయమంతా ఫీజు రసీదు చూసి ఇస్తున్నారు. అది మంచిదే. అందులో కొంత, ఇందాక చెప్పిన ఆ 36 వేలపాటి, మొదటి నెల ఖర్చుగా పిల్లవాడు విమానం ఎక్కేముందే ఇవ్వండి. అప్పుల ఇళ్లకు వడ్డీ లేని సర్దుబాటు ముందే ఆలోచించండి. తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి ఏడాది ఫోనులో అప్పు మాట ఎత్తకండి. చెప్పుకోకపోతే ఉండలేమంటే మా దగ్గరికి వచ్చి చెప్పుకోండి, వింటాం.

ఈ సెప్టెంబరుకు వెళ్లేవారు వచ్చే ఆదివారం అసర్ తరువాత మా బడికి రండి. పాస్‌పోర్టు, ప్రవేశపత్రం, వైద్యపరీక్షల అసలు కాగితాలు తెచ్చుకోండి. ఆ కుర్రవాడు షియాన్ నుంచి ఫోనులో మాట్లాడతానన్నాడు. వాడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, హాస్టల్లో పదకొండుకు దీపాలు తీసేస్తారు. అంటే మనకు ఎనిమిదిన్నర. కాబట్టి ఆలస్యం చేయకుండా రండి, తల్లుల్ని కూడా తీసుకురండి.