కొత్త హ్యాములకు మనం చేయగలిగింది

(హఫీజ్‌పేటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. టెలిగ్రాఫులో పనిచేసినవాణ్ణి, మాటకింత అని లెక్కపెట్టుకునే అలవాటున్నవాణ్ణి గనుక గడువు దాటనని హామీ ఇస్తున్నాను.

హ్యామ్ రేడియో మన ఊరికి కొత్తది కాదు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో మొదలైంది. ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్‌గారు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. టెలిఫోన్లు మూగబోయిన వేళ ఆమె సెట్టు మాట్లాడింది. అక్కడివారి క్షేమసమాచారాలు ఇవతలి ఒడ్డుకు చేరాయి. ఈ సంగతి అందరూ చెబుతారు. ఇవతలి ఒడ్డున సెట్టు పెట్టుకుని చెవి ఒగ్గి కూర్చున్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. నేను ఈ రోజు మాట్లాడేది ఆ వినేవాళ్ల గురించే.

మన చుట్టూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు చాలామంది ఈ పరీక్ష రాస్తున్నారు. పన్నెండేళ్లు నిండిన పిల్లలూ రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కరలేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల వేగం చాలు. పుస్తకం వాళ్లే చదువుకుంటారు, ఆ విషయంలో మన సాయం అవసరం లేదు. చిక్కంతా లైసెన్సు వచ్చాకే. కొత్త సెట్టు కొంటారు, మేడెక్కి ‘సీక్యూ, సీక్యూ’ అని పిలుస్తారు. వింటున్నవారెవరైనా పలకండి అని దాని అర్థం. ఎవరూ పలకరు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి సెట్టు అటకెక్కుతుంది.

నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా వీధి వెనక కుర్రవాడొకడు అలాగే మూడు సాయంత్రాలు పిలిచాడు. నేను విన్నాను. మొదటిరోజు కాఫీ తాగుతూ ఊరుకున్నాను. రెండోరోజు ఇంకెవరైనా పలుకుతారులే అనుకున్నాను. మూడోరోజు పలికాను. అతను తడబడి కాల్‌సైన్ తప్పు చెప్పాడు, ‘ఓవర్’ అనడం మరిచాడు. పదిమంది వినేచోట, ‘ముందు పద్ధతి నేర్చుకుని రా బాబూ’ అన్నాను. ఆ గొంతు మళ్లీ వినబడలేదు. తరువాత ఒకసారి హఫీజ్‌పేట స్టేషను ప్లాట్‌ఫారం మీద కనబడి నమస్కారం పెట్టాడు. ‘సెట్టు అమ్మేశాను అంకుల్’ అన్నాడు. కోపంగా అన్లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంతలో ఎమ్‌ఎమ్‌టీఎస్ వచ్చేసింది, నేను చెప్పవలసిన మాట నోట్లోనే ఉండిపోయింది.

నేనేమైనా పుట్టుకతోనే హ్యామునా? తారాఫీసులో సౌండరు టకటకలాడేది. టక్కుకీ టక్కుకీ మధ్య ఎడాన్ని బట్టి చుక్కో గీతో పోల్చుకునేవాళ్లం. రేడియోలో అదే మోర్స్ కూతగా వినిపించేసరికి ఇన్నేళ్ల సర్వీసు ఉండి కూడా మొదటివారం తెల్లమొహం వేశాను. నాకు నేర్పిన పెద్దమనిషి నవ్వలేదు.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవారికి ఒకటే ఏర్పాటు. ముందు ఒక వారం వినమంటాను. తరువాత ఒక కాగితం మీద వాళ్ల కాల్‌సైను, పేరు, ఊరు, చివర చెప్పే ‘73’ వరుసగా రాసిస్తాను. మొదటి పిలుపుకు ఫలానా గంటకు నేనే పలుకుతానని మాటిస్తాను. ఆ గంటకు పెళ్లి భోజనం ఉన్నా వదులుకుంటాను (మా ఆవిడ ఇక్కడే ఉంది, సాక్ష్యం చెబుతుంది). తప్పులుంటే మర్నాడు ఇంటికి పిలిచి చెబుతాను, గాలిలో మాత్రం చెప్పను. నాలుగైదు సార్లయ్యాక నేను తప్పుకుని వాళ్లను వేరే ఊరి స్టేషనుకు అప్పగిస్తాను. ఎప్పుడూ నాతోనే మాట్లాడుతుంటే దానికి ఇంటర్‌కమ్ చాలు.

ఇక యాంటెన్నా బాధ. చేతి సెట్టు పనిచేసే 144 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపు మేర సాగేది. మన అపార్టుమెంట్ల మధ్య కింద నిలబడి పిలిస్తే పక్క వీధి దాటడమే కష్టం. దూరం కావాలంటే 7 మెగాహెర్ట్జ్‌కి వెళ్లాలి. దానికి ఇరవై మీటర్ల తీగ కావాలి. మధ్యలో కోసి అటు పది, ఇటు పది వచ్చేట్టు కట్టాలి. మామూలు ఇంటి వైరింగు తీగ సరిపోతుంది, ఖరీదు కూడా ఎక్కువ కాదు. సరిపోనిది సొసైటీ సెక్రటరీగారి మనసు. పిడుగు పడుతుందనీ, టీవీ చెడుతుందనీ ఆయన అంటే ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఏం జవాబిస్తాడు? తల నెరిసిన మనం పక్కన నిలబడి మాట్లాడితే వింటారు. మా సెక్రటరీగారిని ఒకసారి మేడమీదికి తీసుకెళ్లి విశాఖపట్నం గొంతు వినిపించాను. ఆయనది ఆ జిల్లానే. వాటర్ ట్యాంకు నుంచి లిఫ్టు గది దాకా తీగ ఆయనే పట్టుకున్నారు.

ఈ సంవత్సరం మా కింది ఫ్లాటు అమ్మాయి, తొమ్మిదో తరగతి, లైసెన్సు తెచ్చుకుంది. మొదటిరోజు కాగితం చేతిలో ఉన్నా గొంతు పెగల్లేదు. సెట్టు మీట నొక్కి వదిలేసింది. ఆ చప్పుడుకే నేను పలికాను. ‘తాతగారూ, నేనింకా ఏమీ అనలేదు కదా!’ అంది. కాల్‌సైన్ చెప్పడం మరిచింది. నేను గుర్తుచేయలేదు, రెండోసారి తనే చెప్పింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మా మేడమీద సెట్టు పెడుతున్నాను. లిఫ్టు అయిదో అంతస్తు దాకానే, ఆపైన పద్దెనిమిది మెట్లు. మోకాళ్ల నొప్పులవారికి కుర్చీ అయిదో అంతస్తులోనే వేయిస్తాను. టెలిగ్రాఫులో పనిచేసిన మిత్రులు కనీసం ఇద్దరు రావాలి. ముగ్గురు పిల్లలు మోర్స్ నేర్పమంటున్నారు, నాకొక్కడికే గొంతు చాలడం లేదు. పేర్లు ఇప్పుడే కార్యదర్శిగారికి ఇవ్వండి. సెలవు.