ఏ పద్దు కింద రాయాలి?



ఒలేథా పేరు వినగానే తెలుగువాళ్ళకు 2017 ఫిబ్రవరి 22 గుర్తొస్తుంది. కాన్సస్ రాష్ట్రంలోని ఆ ఊళ్ళో, స్నేహితుడితో కలిసి బార్‌లో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును, నా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. తాను కాల్చింది ఇరానీయులనని ఆ హంతకుడి నమ్మకం.

ఒలేథా పక్కనే ఓవర్‌లాండ్ పార్క్ ఉంది. 2014 ఏప్రిల్ 13న, ఒకప్పుడు తెల్లజాతి దురహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్‌లో నాయకుడిగా తిరిగిన ముసలివాడు అక్కడి యూదుల కమ్యూనిటీ సెంటర్‌కు, తర్వాత వాళ్ళ వృద్ధాశ్రమానికి తుపాకీతో వెళ్ళాడు. పాటల పోటీకి వచ్చిన 14 ఏళ్ళ అబ్బాయి, వాణ్ణి తీసుకొచ్చిన తాత, తల్లిని చూసేందుకు వృద్ధాశ్రమానికి వచ్చిన మహిళ ప్రాణాలు కోల్పోయారు. ముగ్గురూ క్రైస్తవులే.

నల్లవాళ్ళ మీద పగతో పెరిగిన క్లాన్ మనిషి యూదుల గడప తొక్కాడంటే ఆ రెండు పగలూ ఒకే కొలిమిలో కాగినవే. వాటిని ఎదుర్కోవలసిన బడులు, విశ్వవిద్యాలయాలు, నగర పాలక సంస్థలు మాత్రం యూదుల ఫిర్యాదు రాగానే ఇది మతం సంగతా, జాతి సంగతా అని తరచు తడబడతాయి. చూడడానికి తెల్లవాళ్ళే కదా అన్న మాట ఆ తడబాటును ఇంకా పెంచుతుంది.

ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో 1982 నవంబరు 2న షారే తెఫిలా అనే యూదుల ప్రార్థనా మందిరం (సినగాగ్) బయటి గోడల మీద ఎవరో ఎర్ర రంగు, నల్ల రంగు చిమ్మారు. పెద్ద పెద్ద అక్షరాల్లో యూదులను దూషించే రాతలు, గుర్తులు. సినగాగ్ సభ్యులు కోర్టుకెక్కారు. వాళ్ళు పట్టుకున్నది, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివాళ్ళ హక్కుల కోసం 1866లో చేసిన చట్టాన్ని. యూదులు జాతి కాదు కాబట్టి దావా చెల్లదని కింది కోర్టులన్నాయి. 1987 మే 18న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ మాటను తోసిపుచ్చింది. ఇవాళ యూదులను జాతి అనవచ్చా అన్నది కాదు ప్రశ్న, 1866లో చట్టం చేసినవాళ్ళు వాళ్ళను వేరే జాతిగానే చూశారని చెప్పింది. ఇరాక్‌లో పుట్టిన ఒక అరబ్ ప్రొఫెసర్‌కూ ఆ చట్టం అండగా నిలుస్తుందని అదే రోజు మరో తీర్పు ఇచ్చింది. నల్లవాళ్ళ కోసం కట్టిన ఇంట్లో యూదుడికీ అరబ్బుకూ ఒకే పూట చోటు దొరికింది.

బడుల విషయం ఇంకా చిక్కు. ఫెడరల్ నిధులు అందుకునే సంస్థల్లో జాతి, వర్ణం, పుట్టిన దేశం పేరిట వివక్ష చూపరాదని 1964 పౌరహక్కుల చట్టం ఆరో భాగం చెబుతుంది. మతం ఆ జాబితాలో లేదు. లాకరు మీద నాజీ గుర్తు గీశారని ఒక యూదు పిల్లాడు వస్తే ఏ పద్దు కింద రాయాలి? వంశ మూలాన్ని బట్టి వేధించినా ఆరో భాగం కిందికే వస్తుందని విద్యాశాఖ 2004లో, మళ్ళీ 2010లో స్పష్టం చేసింది. సిక్కు, ముస్లిం పిల్లలకూ అదే రక్షణ.

అయితే ఇలాంటి ఫిర్యాదులు రాసుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం వేరు, దాని పనులకు పక్కింటి యూదుణ్ణి నిలదీయడం వేరు. యూదు ద్వేషం అంటే ఏమిటో చెప్పే ఒక నిర్వచనానికి ముసాయిదా రాసిన కెన్నెత్ స్టెర్న్, దాన్ని విశ్వవిద్యాలయాల్లో నోళ్ళు మూయించడానికి వాడవద్దని తానే అభ్యంతరం చెప్పాడు.

యూదుల ఫిర్యాదులు తీసుకోవడానికి కొత్త విభాగాలు అక్కర్లేదు. ఉన్న ఫిర్యాదుల రిజిస్టరులోనే చోటివ్వాలి, ఉన్న శిక్షణ తరగతుల్లోనే ఈ చరిత్ర చెప్పాలి. ఆ చరిత్రలో ఒక పుట ఇది. 1964 జూన్‌లో మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు ఉద్యమంలో ఉన్న ముగ్గురు యువకులను క్లాన్ చంపింది. జేమ్స్ చేనీ నల్లవాడు. ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ యూదులు. 44 రోజుల తర్వాత ముగ్గురి శవాలూ ఒకే మట్టికట్ట కింద దొరికాయి. కొడుకును చేనీ పక్కనే పూడ్చాలని ష్వెర్నర్ తల్లిదండ్రులు కోరుకున్నారు. మిసిసిపీలో అప్పుడు తెల్లవాళ్ళ శ్మశానాలు వేరు, నల్లవాళ్ళవి వేరు. అది కుదరలేదు.