‘బేసిక్స్’ అనే మాట, మన ఓనమాలు
(సరిహద్దు ప్రాంత తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“మావాడికి బేసిక్స్ రావు మాస్టారూ!” హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు తల్లిదండ్రుల నోట ఈ మాట వినని ఉపాధ్యాయుడు ఉండడు. ఇంతకీ ఏమిటా బేసిక్స్?

ఈ మాటకు మూలం గ్రీకు పదమైన ‘బేసిస్’. దానికి మొదటి అర్థం అడుగు వేయడం. తరువాత అడుగు మోపే చోటు, పీఠం, పునాది. మన ‘అడుగు’ కూడా అంతే గదా! వేసేదీ అడుగే, కుండకు కిందుండేదీ అడుగే. రెండు దూరపు భాషలు ఒకే దారిన ఆలోచించాయి.

ఇంగ్లీషులో ఒక్క ‘బేసిక్’ చేసే పనిని తెలుగులో పలు మాటలు పంచుకుంటాయి. జీతంలో అది మూలవేతనం. తిండి, బట్ట, గూడు కనీసావసరాలు. రసాయన శాస్త్రంలో క్షారం. రాజ్యాంగ చర్చలో మౌలిక స్వరూపం. లెక్కల్లో పునాది. చదువు విషయంలోనైతే ఓనమాలు. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో దిద్దించిన అక్షరాల నుంచి పుట్టిన మాట అది. “వంటలో ఓనమాలు తెలియవు” అన్నప్పుడు ఎవరికీ వివరణ అక్కరలేదు. ఇక ‘బేసిక్సులు’ అనేవారున్నారు. ఆ మాటలో బహువచనం ముందే ఉంది, మరొకటి దండగ.

పదం సంగతి అలా ఉంచుదాం. “బేసిక్స్ గట్టిగా ఉండాలనే ఇంగ్లీషు మీడియంలో వేశాం” అనడమే నాకు వింతగా తోస్తుంది. మన దేశంలో ‘బేసిక్ విద్య’ అన్న పేరు గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన పథకం వల్ల ఊరూరా తెలిసింది. జాకిర్ హుసేన్ సంఘం రూపొందించిన ఆ ప్రణాళికలో ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, చేతిపని, వాటితోపాటు మాతృభాషలో బోధన ఉన్నాయి. మాతృభాషను తీసివేస్తే అది ఆ బేసిక్ కాదు.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతున్నది. అయితే ఒక మెలిక ఉంది. ఈ అధికరణం 17వ భాగంలో ఉంది, ప్రాథమిక హక్కుల భాగంలో లేదు. ‘ప్రాథమిక విద్య’, ‘ప్రాథమిక హక్కు’ తెలుగులో అన్నదమ్ముల్లా వినిపిస్తాయి గాని చట్టంలో వేరు. భాషను కాపాడుకొనే హక్కు మాత్రం 29వ అధికరణంలో ప్రాథమిక హక్కుగానే ఉంది.

2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక వ్యాజ్యంలో రెండు మాటలు చెప్పింది. ప్రాథమిక పాఠశాలల్లో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతాన రుద్దరాదన్నది ఒకటి. పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు అన్నది రెండోది. మొదటిది మనకు నిరాశే. రెండోది చేతికందిన పనిముట్టు. ఉన్న రాష్ట్రపు భాషను శ్రద్ధగా నేర్పండి. అందులో తగవు లేదు. కాని బడి దరఖాస్తులో ‘మాతృభాష’ అన్న గడిని గుమాస్తా తనకు తోచినట్లు నింపక ముందే, అక్కడ ‘తెలుగు’ అని మీ చేత్తో రాయండి.